బీపీ మిషన్ చుట్టూ మూగిన పిల్లలు

నిన్న ఓ పల్లె బడిలో ఆరోగ్య రంగంలోని ఉద్యోగాల గురించి మాట్లాడాను. స్లయిడ్లు చూపిస్తే ఆవలింతలే (నా తప్పే). బీపీ మిషన్ బయటికి తీయగానే అందరూ చుట్టూ మూగారు! వెనక బెంచీ అమ్మాయి స్టెతస్కోప్‌తో తన గుండె చప్పుడు తనే విని, "డాక్టర్ కాకపోతే ఇందులో ఇంకేం అవ్వొచ్చు?" అంది. నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు, ఫిజియోథెరపిస్టు... చెబుతుంటే రాసుకుంది.

పల్లెల్లో పెరిగిన పిల్లల్ని ఈ కోర్సుల్లోకి తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది, 2021లో మళ్లీ చెప్పింది. చదువయ్యాక పల్లెల్లో పనిచేసే అవకాశం వాళ్లకే ఎక్కువ. కానీ ఊరి మీద ప్రేమ ఒక్కటే చాలదు. ఉండటానికి ఇల్లు, పైచదువుకు దారి కూడా కావాలి, అవి పిల్లల చేతిలో లేవు.

ఆ అమ్మాయి స్టెతస్కోప్ తిరిగిచ్చేసరికి బెల్ కొట్టేశారు.