నాన్న కొట్టు మట్టి

మా నాన్న విజయవాడ వన్‌టౌన్‌లో ముప్ఫై నాలుగేళ్లు కుంపటి ముందు కూర్చుని బంగారు పని చేశారు. కొట్టు ఊడ్చిన మట్టిని ఒక్కనాడూ వీధిలో పారబోయలేదు, అందులో బంగారు రజను, అంటే సన్నటి పొడి, కలిసి ఉంటుంది కాబట్టి. ఆకురాయి పొడి, మెరుగుపెట్టిన గుడ్డపీలికలు, కుంపటి బూడిద, చేతులు కడిగిన తొట్టి అడుగున పేరుకున్న బురద, చివరికి కింద పరిచిన గోనెపట్టా కూడా డబ్బాల్లోకే వెళ్లేవి. ఏటా మట్టి కొనేవాళ్లు వచ్చి తమకు తోచిన ధర చెప్పి పట్టుకుపోయేవారు. చివరి కొన్నేళ్లు నాన్న వాళ్లకు అమ్మలేదు. అడిగితే, "ఉండనీ అమ్మా, ఒక రోజు మనమే కడుగుదాం" అనేవారు. ఆ రోజు రాకముందే ఆయన వెళ్లిపోయారు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లోని మా ఇంట్లోకి నడుములోతు నీళ్లు వచ్చాయి. నీళ్లు తీశాక చూస్తే మంచం కింద ఏడు రేకు డబ్బాలూ తుప్పుపట్టి ఉన్నాయి. మూతలమీద నాన్న రాసుకున్న తేదీలు చెరిగిపోయాయి. మూతలు బిగువుగా ఉండబట్టి లోపలి మట్టి కొట్టుకుపోలేదు, ముద్దకట్టింది. ఇంకో వాన చూడకముందే ఈ పని ముగించాలనుకున్నాను.

నాకు చూసిన అనుభవమే తప్ప చేసిన అనుభవం లేదు. నాన్న పక్క పీటమీద పనిచేసిన బాబాయిని పిలిచాను. ఆయన చేతులు ఇప్పుడు వణుకుతాయి. "పట్టకారు నువ్వు పట్టు తల్లీ, రంగు నేను చూస్తాను" అన్నారు.

ముందు మట్టిని ఎండబెట్టి, ఇనుప బాండీలో నల్లటి తునక మిగలకుండా కాల్చాం. మైనం, నూనె అంటిన రజను నీళ్లమీద తేలిపోతుంది కాబట్టి ఈ పని తొందరగా ముగించకూడదు. చల్లారాక జల్లించి, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన అయస్కాంతాన్ని పదే పదే తిప్పితే వరద తెచ్చిన తుప్పు, ఆకురాయి ఇనుము గుప్పెళ్లకొద్దీ వచ్చాయి.

తరువాత గాలించడం. సువర్ణరేఖ నది ఇసుకలో బంగారం ఏరుకునేవాళ్లు చేసేది కూడా ఇదే. ఇసుక నీటికంటే రెండున్నర రెట్లకు కాస్త పైన బరువుంటే, బంగారం పందొమ్మిది రెట్లు బరువు. నీళ్లను తిప్పే లాఘవం ఉంటే ఇసుక వెళ్లిపోతుంది, బంగారం అడుగున కూర్చుంటుంది. ఆ లాఘవం నాకు లేదు. రెండు గంటలు తంటాలు పడ్డాను. చూసి చూసి అమ్మ చీర చెంగు దోపుకుని బాండీ లాక్కుంది. యాభై ఏళ్లుగా బియ్యం గాలించి రాళ్లు తీసిన మణికట్టు ఆమెది. బియ్యంలో అడుగున మిగిలింది పారేస్తాం, ఇక్కడ అడుగున మిగిలిందే దాచుకోవాలి, తేడా అంతే. సన్నటి రజను తేలకుండా నీళ్లలో ఒక బొట్టు సబ్బునీళ్లు కలిపాం, పోయిన నీళ్లన్నీ కింద పెద్ద తొట్టిలో పట్టాం. మూడో రోజు సాయంత్రానికి బాండీ అంచున సన్నటి పసుపు గీత కనిపించింది. అమ్మ ఏమీ అనలేదు. చాలాసేపు ఆ గీతనే చూసింది.

పాదరసంతో పట్టేస్తే త్వరగా అయిపోతుందని, వెనుకటి రోజుల్లో అలాగే చేసేవాళ్లమని బాబాయి అన్నారు. నేను ఒప్పుకోలేదు. పాదరసాన్ని విడగొట్టాలంటే వేడిచేసి ఆవిరిగా పంపాలి, ఆ ఆవిరి విషం. ఎంత సన్న రజను పోయినా పోనీ, మా ఇంట్లో ఆ పని జరగదన్నాను.

కొలిమికి పెద్ద ఖర్చు కాలేదు. పాత రంగుల డ్రమ్ముకు లోపల రెండంగుళాల మందాన అగ్నిమట్టి పూసి, అడుగున ఇనుప గొట్టం దూర్చి, ఆటోనగర్‌లో కొన్న చిన్న బ్లోయరు తగిలించాను. వారం రోజులు నీడలో ఆరబెట్టి, సన్నటి మంటతో ఒకరోజు కాల్చాను. తుమ్మబొగ్గు వాడాం.

బంగారం కరిగించే మట్టిమూసను కూడా అలా ఓపికగా వేడెక్కించి ఉంటే బాగుండేది. నిప్పు బాగా రాజుకుందని నేరుగా దించేశాను. పావుగంట తరువాత టప్పుమని చప్పుడు వచ్చింది. మూస పగిలి, కరగడం మొదలైన బంగారం బొగ్గుల్లోకి జారిపోయింది. నాకు కాళ్లు ఆడలేదు. బాబాయి మాత్రం బ్లోయరు ఆపి, "బంగారం ఎక్కడికీ పోదు తల్లీ, కొలిమిలోనే ఉంది" అన్నారు. మర్నాడు కొలిమి బూడిదంతా ఎత్తి, దంచి, మళ్లీ అమ్మ చేతికిచ్చాం.

రెండోసారి గ్రాఫైటు మూస తెచ్చాను. కొలిమి అంచున నెమ్మదిగా వేడిచేసి, లోపల వెలిగారం, అంటే కరిగి మలినాలను పట్టుకునే బోరాక్స్, గాజులా పూతపట్టేదాకా తిప్పాను. రజను బ్లోయరు గాలికి ఎగరకుండా వెలిగారం, కాస్త చాకలి సోడాతో కలిపి కాగితంలో పొట్లం కట్టి వేశాం. నాన్న రోజుల్లో అతుకులకు కేడీఎం వాడేవారు, అంటే కాడ్మియం. అది 767 డిగ్రీలకే మరుగుతుంది. బంగారం కరగడానికి 1064 కావాలి. అంటే బంగారం కరగకముందే ఆ ఆవిరి బయటికి వస్తుంది, ఊపిరితిత్తులను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అందుకే డాబామీద, గాలి వీపువైపు నుంచి వచ్చేలా నిలబడి, ఫిల్టర్లున్న మాస్కులు పెట్టుకుని చేశాం. అమ్మను పైకి రానివ్వలేదు. నాన్న తలుపులు వేసిన గదిలో, ముఖానికి ఏమీ లేకుండా, ఇదే పొగ ముందు ఇన్నేళ్లు కూర్చున్నారని గుర్తొచ్చినప్పుడు చేతిలో పట్టకారు బరువెక్కింది.

ఎరుపు నారింజగా, నారింజ పసుపుగా మారింది. వెలిగారం పొర పక్కకు తప్పుకున్నప్పుడు కింద లేత ఆకుపచ్చ ఛాయతో అద్దంలా మెరుస్తూ కదిలింది బంగారం. "ఇప్పుడు" అన్నారు బాబాయి. ముందే వేడిచేసి ఉంచిన అచ్చులోకి ఒకే ధారగా వంచాను. అచ్చులో తడి ఉంటే లోహం చిమ్ముతుంది, చల్లగా ఉంటే ముడతలు పడుతుంది. రెండూ జరగలేదు.

చల్లారాక పైన గడ్డకట్టిన వెలిగారం చిట్టెం సుత్తితో తడితే రాలిపోయింది. కడ్డీ 14.620 గ్రాములు తూగింది, చింతగింజ అంత. హాల్‌మార్కింగ్ కేంద్రంలో యంత్రం కింద పెడితే బంగారం నూటికి 78 పాళ్లు, మిగతాది వెండి, రాగి అని వచ్చింది. నగల 916కు, అంటే నూటికి 91.6 పాళ్లకు, ఇది చాలా తక్కువే. అతుకుల పొడి అంతా కలిసింది కదా. శుద్ధి చేయించమని అక్కడివాళ్లు చెప్పారు. ముందు ఇంకా వెండి కలిపి కరిగించి బంగారం పాలు నాలుగో వంతుకు తగ్గించాక నైట్రిక్ ఆమ్లం పోస్తే వెండి, రాగి పోతాయి, మేలిమి మిగులుతుంది. నేను వద్దన్నాను. ఆ వెండీ రాగీ కూడా నాన్న అతికినవే.

కడ్డీ అమ్మ దగ్గర, ఆమె పసుపు కుంకాల పెట్టెలో ఉంది. చిట్టెంలో ఆవగింజలంత పసుపు పూసలు ఇంకా ఇరుక్కుని కనిపిస్తున్నాయి. దాన్ని రోట్లో దంచాలి. బాబాయి వచ్చే ఆదివారం వస్తానన్నారు.