రాజోలు హెరాల్డ్: వెనక యాక్సిల్ చెప్పిన సంగతి

రాజోలు దగ్గర కొబ్బరితోటలో, పశువుల పాక పక్కన ఏళ్లుగా ఆగిపోయి ఉన్న స్టాండర్డ్ హెరాల్డ్ గురించి కోనసీమలో పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లంతా ఒక మాట చెప్పుకుంటారు. అది మామూలు హెరాల్డ్ కాదట, హెరాల్డ్ తర్వాత వచ్చిన గజెల్ కారుకి ముందు, రెండింటినీ తయారుచేసిన మద్రాసు స్టాండర్డ్ కంపెనీ చేసి చూసుకున్న ప్రోటోటైప్ (నమూనా బండి) అట. బండి గలాయనదీ అదే మాట. "ఆయ్, కంపెనీ వాళ్లు టెస్టింగ్‌కి చేసిన బండండీ. కావాలంటే కిందకి దూరి చూడండి, వెనక యాక్సిల్ వేరే."

ఈ ఆదివారం దూరాను. వానకి నేల మెత్తబడి జాకీ దిగబడిపోతుంటే తాటి పలక వేసి లేపి, స్టాండ్లు పెట్టాం. యాక్సిల్ వేరేదే, ఆ మాట నిజం. హెరాల్డ్‌లో డిఫరెన్షియల్‌ని, అంటే వెనక చక్రాలకి శక్తిని పంచే గేర్ల పెట్టెని, ఛాసిస్‌కే బిగిస్తారు, దాని మీద అడ్డంగా ఒకటే పట్టీల స్ప్రింగు ఉంటుంది, చక్రాలు దేనికది ఊగుతాయి. ఆ స్వింగ్ యాక్సిల్ ఇక్కడి మెకానిక్‌లకి నచ్చలేదు. అందుకే 1972లో గజెల్ తెచ్చినప్పుడు లైవ్ యాక్సిల్, అంటే రెండు చక్రాలనీ కలిపే ఒకటే గట్టి యాక్సిల్, పెట్టారు. ఈ బండిలోనూ లైవ్ యాక్సిలే ఉంది. పుకారు పుట్టింది ఇక్కడే.

స్ప్రింగు బ్రాకెట్లని కిరోసిన్, వైరు బ్రష్‌తో రుద్దితే చేతి వెల్డింగ్ బయటపడింది. దానివల్ల ఏదీ తేలదు, ప్రోటోటైప్‌నైనా చేత్తోనే చేస్తారు. ఛాసిస్ నంబరు మీద సుద్దముక్క రుద్ది చదివాను, ఆర్‌సీతో సరిపోయింది. దానివల్లా తేలదు.

తేల్చింది చక్రాలు. ముందు హబ్బుల మీద చక్రం బిగించే ఎదురెదురు స్టడ్ల (బోల్టుల) మధ్య 95 మి.మీ. పైచిలుకు, హెరాల్డ్ కొలతే. వెనక మాత్రం 98, ఫియట్లలో ఎక్కువగా కనిపించే కొలత. రిమ్ములు నాలుగూ హెరాల్డ్‌వే. వెనక రెండింటి రంధ్రాలు గుండ్రంగా లేవు, బయటివైపుకి సాగి ఉన్నాయి. లోపల ఆకురాయి గీతలు వేలికి తగులుతున్నాయి, అంటే 98 స్టడ్లకి పట్టేలా రంధ్రాల్ని రాశారు. స్టెప్నీ రంధ్రాలకి ఆకురాయి తగల్లేదు, అంటే అది వెనక చక్రానికి పనికిరాదు. ఏ కంపెనీ ఇంజనీరూ టెస్టింగ్ బండిని ఇలా పంపడు. స్వింగ్ యాక్సిల్‌తో విసిగిపోయి ఎవరో మేస్త్రి ఇక్కడే మార్చేశాడనేది నా నమ్మకం. కంపెనీ చేసిన ఆలోచనే అతనూ చేశాడు, ఆ పనితనం అంటే నాకు గౌరవం.

బండి గలాయనకి విషయం చెప్పాను. ప్రోటోటైప్ అని చెప్పి అమ్మొద్దని, ఆ రిమ్ములతో రోడ్డెక్కొద్దని కూడా గట్టిగా చెప్పాను. సరైన కొలత రిమ్ములు రెండు దొరికేదాకా బండి స్టాండ్ల మీదే ఉంటుంది.