ఇన్ఫాంట్రీలో మహిళలు: జీడీ, ఎస్సే, ఇంటర్వ్యూలకు ఈ టాపిక్ ఎలా తయారుచేసుకోవాలి

సైన్యంలో అధికారులను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీకి వెళ్లేవాళ్లకు జీడీ (గ్రూప్ డిస్కషన్)లోనో లెక్చరెట్ (ఇచ్చిన అంశంపై చిన్న ప్రసంగం)లోనో, సివిల్స్ రాసేవాళ్లకు ఎస్సేలోనో ఇంటర్వ్యూలోనో, మన గ్రూప్-1 వాళ్లకు జనరల్ ఎస్సే మొదటి సెక్షన్‌లోనో ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఎదురుకావచ్చు: పదాతి దళంలోకి మహిళలను తీసుకోవాలా? చాలామంది జవాబు రెండు వాక్యాల దగ్గర ఆగిపోతుంది. "అన్ని రంగాల్లోనూ రాణిస్తున్నారు, ఇక్కడ మాత్రం ఎందుకు వద్దు" అని ఒకటి, "శారీరక దారుఢ్యం సరిపోదు" అని ఇంకొకటి. ఇన్ఫాంట్రీ అంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా చెప్పగల మాటలివి, అందుకే వీటికి మార్కులు రాలవు. రుద్రమదేవి, ఝాన్సీ లక్ష్మీబాయి పేర్లతో మొదలుపెట్టడం కూడా మానేయండి. దిద్దేవాళ్లు అదే ఆరంభాన్ని అప్పటికే ఎన్నో పేపర్లలో చూసి ఉంటారు.

ముందు ప్రశ్నను విడగొట్టాలి. ఆర్మీలోకి ఎంట్రీ, పర్మనెంట్ కమిషన్ (రిటైరయ్యేదాకా అధికారిగా కొనసాగే అవకాశం), కమాండ్ పోస్టింగ్ (యూనిట్‌కు నాయకత్వం వహించే పదవి), యుద్ధ విభాగాల్లో నియామకం. ఇవి నాలుగు వేర్వేరు విషయాలు. వీటిని కలిపేయడమే ఈ టాపిక్‌లో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. "2020లో సుప్రీంకోర్టు మహిళలకు ఇన్ఫాంట్రీ తలుపులు తెరిచింది" అని రాసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ కనిపిస్తారు. ఆ తీర్పు అలా చెప్పలేదు. ఇంటర్వ్యూలో ఈ ఒక్క మాట తప్పితే తర్వాతి ప్రశ్నలన్నీ దాని మీదే వస్తాయి.

చట్టం వైపు నుంచి మొదలుపెట్టండి. ఆర్మీ చట్టం, 1950లోని సెక్షన్ 12 ప్రకారం, కేంద్రం గెజిట్‌లో నోటిఫై చేసిన విభాగాల్లో తప్ప రెగ్యులర్ ఆర్మీలో మహిళలు చేరడానికి అర్హులు కారు. సాయుధ దళాల విషయంలో ప్రాథమిక హక్కులను పరిమితం చేసే అధికారాన్ని రాజ్యాంగంలోని 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. ఈ రెండూ కలిపి చదివితే ఒక సంగతి తెలుస్తుంది: ఇన్ఫాంట్రీని మహిళలకు తెరవడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, కొత్త చట్టం కూడా అక్కర్లేదు, ఒక నోటిఫికేషన్ చాలు. అంటే ఇది చట్టం అడ్డుపడిన విషయం కంటే విధాన నిర్ణయం. ఎస్సేలో ఈ వాక్యం ఉంటే మిగతా పేపర్ల నుంచి మీ పేపర్ విడిపోతుంది.

1992లో మెడికల్, నర్సింగ్ విభాగాలకు బయట మహిళా అధికారుల ఎంట్రీ మొదలైంది. 2008లో న్యాయ విభాగమైన జాగ్‌లోనూ, ఎడ్యుకేషన్ కోర్‌లోనూ పర్మనెంట్ కమిషన్ ఇచ్చారు. 2019 ఫిబ్రవరిలో కేంద్రం దాన్ని మరో ఎనిమిది విభాగాలకు విస్తరించింది. 2020 ఫిబ్రవరి 17న బబితా పునియా కేసులో జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ అజయ్ రస్తోగీల ధర్మాసనం ఆ పది విభాగాల్లో మహిళా అధికారులందరినీ సర్వీసు ఎంతకాలమైందన్న షరతు లేకుండా పర్మనెంట్ కమిషన్‌కు పరిశీలించాలని, కమాండ్ పోస్టింగులు పూర్తిగా నిరాకరించడం చెల్లదని చెప్పింది. గ్రామీణ నేపథ్యం నుంచి వచ్చిన జవాన్లు మహిళా అధికారి ఆదేశాన్ని అంగీకరించే మానసిక స్థితిలో లేరన్న ప్రభుత్వ వాదనను మూస అభిప్రాయమంటూ తోసిపుచ్చింది. ఇన్ఫాంట్రీ, ఆర్మర్డ్ (ట్యాంకుల దళం) వంటి యుద్ధ విభాగాల్లో ప్రవేశం ఆ కేసులో కోర్టు ముందున్న ప్రశ్నే కాదు.

2021 మార్చి 25 నాటి నితీషా తీర్పును కూడా వదలకండి. పురుష అధికారులను సర్వీసు ఐదో ఏటో పదో ఏటో పర్మనెంట్ కమిషన్‌కు పరిశీలించారు. మహిళలకు మాత్రం ఆ అవకాశం ఏళ్ల తర్వాత వచ్చింది, అప్పుడు వాళ్లకూ అదే మెడికల్ ప్రమాణాన్ని పెట్టారు. పైకి అందరికీ ఒకే నియమం, ఫలితం మాత్రం ఒక వర్గానికే నష్టం. దీన్నే కోర్టు పరోక్ష వివక్ష అంది. 2025 ఆగస్టులో జాగ్ పోస్టుల్లో పురుషులకు ఆరు, మహిళలకు మూడు అని పెట్టిన విభజనను కొట్టేసిన తీర్పును దీని పక్కన పెట్టండి. సమానత్వం మీద పేరా రాయడానికి ఈ రెండూ చాలు.

ఇప్పటి స్థితి: కుష్ కల్రా కేసులో 2021 ఆగస్టులో వచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో మహిళలు ఎన్డీయే (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ప్రవేశ పరీక్ష రాశారు. 2022లో 19 మంది చేరారు, 2025 మే 30న 17 మంది పాసయి బయటికొచ్చారు. 2023 ఏప్రిల్‌లో చెన్నై ఓటీఏ (అధికారుల శిక్షణ అకాడమీ) నుంచి ఐదుగురు మహిళలు ఆర్టిలరీ రెజిమెంట్‌లో చేరారు. సైనికుల స్థాయిలో మహిళలకు ఉన్న దారి కోర్ ఆఫ్ మిలిటరీ పోలీస్. 83 మందితో మొదటి బ్యాచ్ 2021 మేలో బెంగళూరులో శిక్షణ పూర్తిచేసింది. ఇన్ఫాంట్రీ, మెకనైజ్డ్ ఇన్ఫాంట్రీ, ఆర్మర్డ్ కోర్ మాత్రం మహిళలకు తెరవలేదు. ఈ రంగంలో విధానం మారుతూ ఉంటుంది కాబట్టి పరీక్షకు ముందు వారం పార్లమెంటులో రక్షణ శాఖ ఇచ్చిన జవాబులు ఒకసారి చూసుకోండి. కోచింగ్ మెటీరియల్ ఈ విషయంలో తరచూ వెనకబడి ఉంటుంది.

ఇక ఎక్కువమంది దాటేసే భాగం, జవాబు నిలబడేది మాత్రం దీనిమీదే: ఇన్ఫాంట్రీ పని. "కష్టమైన పని" అని రాస్తే ఏమీ చెప్పినట్టు కాదు. ఆయుధం, మందుగుండు, నీళ్లు, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్, రేడియో బ్యాటరీలు మోస్తూ రాత్రంతా నడిచి, తెల్లవారేసరికి దాడికి సిద్ధంగా ఉండాలి. సైన్యం పెట్టే శారీరక సామర్థ్య పరీక్ష బీపీఈటీలో యుద్ధ సామగ్రితో 5 కిలోమీటర్ల పరుగు, 60 మీటర్ల స్ప్రింట్, తాడు ఎక్కడం, 9 అడుగుల గుంత దూకడం ఉంటాయి. లెక్క వేసి చూపించండి. 30 కిలోల బరువు 75 కిలోల మనిషికి ఒంటి బరువులో 40 శాతం, 55 కిలోల మనిషికి దాదాపు 55 శాతం. అలాగే 70 కిలోల జవాను గాయపడి పడిపోతే, ఒంటిమీది 20 కిలోల సామగ్రితో కలిపి లాగాల్సింది 90 కిలోలు. ఈ లెక్క 55 కిలోల మగవాడికీ వర్తిస్తుందని పక్కనే రాయండి. వాదన అక్కడే మలుపు తిరుగుతుంది, ఎందుకంటే అడగాల్సింది ఆ బరువు మోయగలరా లేదా అని.

సగటు తేడా ఉందన్న మాట దాచకండి. స్త్రీపురుషుల మధ్య కాళ్ల బలంలో కంటే భుజాలు, చేతుల బలంలో తేడా ఎక్కువ. శిక్షణలో ఎముకల్లో వచ్చే సన్నని పగుళ్లు, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్లు, మహిళల్లో ఎక్కువ. కారణాలు కూడా తెలిసినవే: సన్నని ఎముక, తక్కువ తిండి, ఐరన్ లోపం, మొదటి వారాల్లోనే పరుగు దూరం ఒక్కసారిగా పెంచడం, పొడవాటి వాళ్లతో అడుగు కలపడానికి సాగదీసి నడవడం. వీటిలో చాలావరకు సరిదిద్దుకోదగ్గవే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సైన్యంలోకి అమ్మాయిలు రావాలంటే పని హైస్కూల్లోనే, భోజనంతోనే మొదలవ్వాలి. గ్రూప్-1 ఎస్సేలో మన రాష్ట్రాలకు నిజంగా సంబంధించిన పేరా ఇదే.

అమెరికా మెరైన్ కోర్ అధ్యయనం ఫలితాలు 2015 సెప్టెంబరులో వచ్చాయి. వ్యతిరేకంగా మాట్లాడేవాళ్లంతా దాన్ని ఎత్తుతారు కాబట్టి పూర్తిగా తెలుసుకోండి. 134 పనుల్లో 93 పనులు, అంటే 69 శాతం, మగవాళ్ల బృందాలు మెరుగ్గా చేశాయి. మిశ్రమ బృందాలు రెండింటిలో మెరుగ్గా ఉన్నాయి. కండరాలు, ఎముకల గాయాలు మహిళల్లో 40.5 శాతం, పురుషుల్లో 18.8 శాతం. అయితే అందులో పాల్గొన్న మహిళలను ఇన్ఫాంట్రీ పనికి తగిన ప్రమాణం పెట్టి ఎంపిక చేయలేదు. అది సగటును కొలిచింది. సైన్యం నియమించేది సగటు మనిషిని కాదు, పరీక్ష దాటిన మనిషిని. అదే ఏడాది ఆగస్టులో క్రిస్టెన్ గ్రీస్ట్, షే హేవర్ అమెరికా సైన్యంలోని కఠినమైన పోరాట శిక్షణ కోర్సు రేంజర్ స్కూల్ పూర్తిచేశారు. రెండు వాస్తవాలూ ఒకే పేరాలో ఉండాలి.

విదేశాల సంగతి క్లుప్తంగా చాలు. కెనడా 1989లో ట్రిబ్యునల్ ఆదేశంతో, అమెరికా 2015 డిసెంబరు నిర్ణయంతో, బ్రిటన్ 2018 అక్టోబరులో యుద్ధ విభాగాలను తెరిచాయి. ఇజ్రాయెల్ గురించి జాగ్రత్త. అక్కడ అందరు మహిళలూ ముందు వరుసలో పోరాడతారన్నది అపోహ. కరకల్ వంటి మిశ్రమ బెటాలియన్ల ప్రధాన పని సరిహద్దు రక్షణ. వీటన్నిటికంటే ఉపయోగపడేది అమెరికా ఫిట్‌నెస్ పరీక్ష అనుభవం. అందరికీ ఒకే ప్రమాణమని కొత్త పరీక్ష తయారుచేశారు. మహిళల్లో ఫెయిలయ్యేవాళ్లు ఎక్కువ కావడంతో 2022లో వయసు, లింగం బట్టి వేర్వేరు స్కోర్లు పెట్టారు. 2025 జూన్‌లో పరీక్షను మళ్లీ మార్చి, యుద్ధ విభాగాలకు స్త్రీపురుషులిద్దరికీ ఒకే ప్రమాణం తెచ్చారు. పని నుంచి ప్రమాణం పుట్టించకుండా తలుపు తెరిస్తే, ప్రమాణం రాజకీయాల చేతికి వెళుతుంది. దించినా అనుమానమే, పెంచినా అనుమానమే. ఆ అనుమానం భారమంతా నిజాయితీగా పాసైన అమ్మాయి మీద పడుతుంది.

అందుకే మా అభిప్రాయం సూటిగా: ఇన్ఫాంట్రీని మహిళలకు తెరవాలి, కానీ క్రమం తప్పకూడదు. ముందు ఏ పనికి ఎంత బలం, ఎంత ఓర్పు కావాలో కొలిచి ప్రకటించాలి. ఆ కొలతను ఇప్పుడున్న మగ జవాన్లకూ పెట్టి సరిచూడాలి. ఆ తర్వాత నోటిఫికేషన్ ఇచ్చి, కోటా లేకుండా, దాటినవాళ్లను తీసుకోవాలి. ఒక్కొక్కరిని ఒక్కో బెటాలియన్‌కు పంపకుండా కొందరిని కలిపి పంపాలి. మీ అభిప్రాయం ఇదే కానక్కర్లేదు. వ్యతిరేకమైనా నష్టం లేదు. అయితే ఏ వాస్తవం మారితే మీ అభిప్రాయం మారుతుందో చెప్పగలగాలి.

భారతీయ ఉదాహరణలు వాడేటప్పుడు అవి రుజువు చేసేదెంతో అంతే చెప్పండి. 2023 జనవరిలో కెప్టెన్ శివా చౌహాన్ సియాచిన్‌లోని కుమార్ పోస్టులో విధుల్లో చేరడం అంత ఎత్తులో పనిచేయగలరని చూపుతుంది. ఆమె ఇంజినీర్స్ అధికారి. 2016 జూన్‌లో మన దుండిగల్‌లో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ ఫైటర్ పైలట్లుగా కమిషన్ పొందడం శత్రువుకు పట్టుబడే ప్రమాదమున్న పనిలోకి మహిళలను దేశం ఇప్పటికే పంపిందని చూపుతుంది. ఇన్ఫాంట్రీ పనికి బాగా దగ్గరగా ఉండేది 2021 ఫిబ్రవరిలో సీఆర్‌పీఎఫ్ కోబ్రా దళంలోకి 34 మంది మహిళలను తీసుకోవడం. చిన్న బృందాలతో అడవిలో నడిచే పని అది. ఆపరేషన్ సిందూర్ వివరాలు చెప్పిన కల్నల్ సోఫియా ఖురేషీది సిగ్నల్స్ విభాగం. ఆమెను ఇన్ఫాంట్రీ అధికారి అని రాయకండి.

జీడీలో మొదట మాట్లాడాలన్న తొందర వద్దు. ఇద్దరు ముగ్గురు "సమానత్వం", "బలం" అని వాదించుకున్నాక, "మనం పర్మనెంట్ కమిషన్‌నూ ఇన్ఫాంట్రీనీ కలిపేస్తున్నాం, విడిగా చూద్దాం" అని ప్రవేశిస్తే చర్చ మీ దారిలోకి వస్తుంది. గ్రూప్‌లో అమ్మాయి ఉంటే "మీరేమంటారు మేడమ్" అని ఆమెను మొత్తం మహిళలకు ప్రతినిధిని చేయకండి. లెక్చరెట్‌కు సిద్ధపడటానికి మూడు నిమిషాలు, మాట్లాడటానికి మూడు నిమిషాలు. మొదటి అరనిమిషం ఇప్పటి స్థితి, తర్వాతి నిమిషం ఇన్ఫాంట్రీ పని, ఇంకో నిమిషం ఒక విదేశీ అనుభవం, చివరి అరనిమిషం మీ అభిప్రాయం. తీర్పుల పేర్లు రెండు మించితే సమయం చాలదు.

తెలంగాణ గ్రూప్-1 ఎస్సే పేపర్‌లో మూడు గంటల్లో మూడు వ్యాసాలు, ఒక్కోటి 50 మార్కులు, సుమారు వెయ్యి పదాలు. అంటే గంటకు వెయ్యి పదాలు. పది నిమిషాలు ప్లాన్‌కు, నలభై ఐదు రాయడానికి, ఐదు చదువుకోవడానికి. చరిత్రకు నూట యాభై పదాలు మించనివ్వకండి. ఈ టాపిక్‌లో చరిత్ర రాసుకుంటూపోయి అసలు వాదనకు చోటు లేకుండా చేసుకున్న పేపర్లే ఎక్కువ.

ఇంటర్వ్యూలో కొనసాగింపు ప్రశ్నలకు ముందే జవాబులు నోటితో చెప్పి చూసుకోండి. "యుద్ధ ఖైదీగా చిక్కితే?" అంటే, ఆ ప్రమాదం ఫైటర్ పైలట్‌కూ ఉంది, దాన్ని తెలిసి ఎంచుకునే హక్కు పెద్దయిన వ్యక్తిది, సైన్యం బాధ్యత శిక్షణ ఇవ్వడం. "ఒకే బంకర్లో వసతి ఎలా?" అంటే, విడి వసతి కుదరని పోస్టుల్లో తెర, సమయ విభజన వంటి ఏర్పాట్లు, ఫిర్యాదుకు కమాండ్ గొలుసు బయట కూడా ఒక దారి ఉండాలని చెప్పండి. "మీ చెల్లెల్ని పంపిస్తారా?" అని అడిగితే చాలామంది తడబడతారు. "నేను పంపడం కాదు సార్, తను ప్రమాణం దాటితే తను వెళుతుంది" అని చెప్పి ఆగండి. అమ్మాయిలను "మీరు వెళతారా?" అని అడగొచ్చు. వెళ్లాలని లేకపోతే లేదనే చెప్పండి. అవకాశం ఉండాలనడానికీ, తాను ఎంచుకోవడానికీ తేడా ఉందని బోర్డుకూ తెలుసు.