సీనాయి కొండ మీద నాలుగో ఆజ్ఞ

సీనాయి కొండ ఎక్కి వచ్చాం. నా మోకాళ్ల వాపు ఇంకా తీయలేదు. మనసులో ఆ వేడి చల్లారక ముందే రాసుకోవాలని కూర్చున్నాను. మహిమంతా దేవునిదే.

మొక్కుబడి నాది. మా చెల్లి గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లింది. ఏజెంటు చెప్పిందొకటి, అక్కడ జరిగిందొకటి. దిగిన రోజే పాస్‌పోర్టు తీసేసుకున్నారు. తెల్లవారుజామున లేస్తే మళ్లీ నడుం వాల్చేది అర్ధరాత్రి దాటాకే. సెలవన్న మాటే లేదు. శుక్రవారం ఊరంతటికీ సెలవైతే ఆ ఇంటికి చుట్టాలొచ్చే రోజు, దానికి పని రెట్టింపు. మొదట జీతం ఆలస్యమైంది, తర్వాత ఆగిపోయింది. బాత్రూంలో దాక్కుని గుసగుసగా ఫోన్ చేసేది. "అక్కా, నన్ను తీసుకుపోండి" అన్న మాట తప్ప ఇంకో మాట వచ్చేది కాదు.

మా సంఘం స్త్రీలు ఉపవాస ప్రార్థనలు పెట్టారు. అలాంటి ఒక కూటంలో నిర్గమకాండం మూడో అధ్యాయం చదువుతున్నారు. ఫరో దగ్గరికి వెళ్లమంటే మోషే వెనకాడతాడు. అప్పుడు దేవుడు ఒక గుర్తు చెబుతాడు: నువ్వు ఈ జనాన్ని ఐగుప్తు నుంచి బయటికి తెచ్చాక, ఇదే కొండ మీద మీరు నన్ను సేవిస్తారు. నా మనసు ఆ మాట దగ్గరే ఆగిపోయింది. "ప్రభువా, దాన్ని ఆ ఇంట్లోంచి బయటికి తీసుకురా, నీ కొండకే తీసుకొచ్చి నీకు స్తోత్రం చెల్లిస్తాం" అని మోకాళ్ల మీదే మొక్కుకున్నాను. చెత్త పడేయడానికని గేటు దాటిన చెల్లి అటునుంచి అటే మన ఎంబసీకి చేరింది. పాస్‌పోర్టు లేనివాళ్లకు ఇచ్చే ఔట్ పాస్ కాగితం మీద ఇంటికొచ్చింది. ఒంటి మీద బట్టలతో వచ్చింది, అంతే. దానికి రావలసిన జీతం ఈ రోజుకీ రాలేదు.

డబ్బు ఎలా కూడిందో, వీసాలు ఎలా వచ్చాయో రాయబోను. చీటీ పాడాను, మిగతాది దేవుడు చూసుకున్నాడు. మా పాస్టరు అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు, చుట్టుపక్కల సంఘాల వాళ్లు కలిసి ఒక బస్సుకు సరిపడా అయ్యాం. కైరోలో బెన్ ఎజ్రా సమాజమందిరం చూపించి, పసివాడైన మోషేను నీళ్లలోంచి తీసింది ఇక్కడేనని గైడ్ చెప్పాడు. అలా చెప్పుకుంటారట. నా ప్రాణం ముందే అరణ్యంలోకి వెళ్లిపోయింది, ఆ రోజు ఏం చూశానో సరిగ్గా గుర్తు లేదు.

సూయజ్ కాలువను పైనుంచి దాటుతామనుకున్నాను. కాదు, బస్సు దాని అడుగున ఉన్న సొరంగంలోంచి వెళ్లింది. తలమీద నీళ్లు, కింద మేము. బస్సంతా చప్పట్లు కొట్టి పాటెత్తుకుంది. ఇశ్రాయేలీయులు ఎర్రసముద్రాన్ని సరిగ్గా ఎక్కడ దాటారన్న దాంట్లో పండితులకు ఒక మాట లేదు. చేదు సరస్సుల దగ్గరని కొందరు, సూయజ్ సింధుశాఖ కొసన అని కొందరు అంటారు. గైడ్ ఇంకో సంగతి చెప్పాడు. 1869లో తెరిచిన ఈ కాలువను మొదట్లో ఈ దేశపు రైతులను పట్టుకొచ్చి వెట్టితోనే తవ్వించారట. ఫరో పోయిన వేల ఏళ్ల తర్వాత కూడా అదే నేల మీద అదే మొర. చప్పట్లు కొడుతున్న నా చేతులు ఆగిపోయాయి.

కాలువ అనగానే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. 1876లో మొదలైన కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత దూరం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించారు. మా తాతగారి తాత కూడా ఆ కాలువలో మట్టి మోశాడని ఇంట్లో చెప్పుకుంటారు. అంతకు ముందు ఆయన మోతుబరి ఇంట్లో పాలేరు. తరాలుగా తీరని అప్పుకు తరాలుగా చాకిరీ. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజుల్లోనే మా వాళ్లూ ఆ నీళ్లలో దిగారు. "మన ఎర్రసముద్రం గుండ్లకమ్మేనే" అనేది నాయనమ్మ. ఆ సముద్రంలో అందరూ మోషేను బట్టి బాప్తిస్మం పొందారని పౌలు కొరింథీయులకు రాసింది ఆమె చదవలేదు, ఆమెకు చదువే రాదు. కానీ ఆమెకది తెలుసు. నీళ్లలోంచి లేచినంత మాత్రాన పాలేరుతనం పోలేదన్నదీ తెలుసు. మన దేశంలో వెట్టిచాకిరీని రద్దు చేసిన చట్టం 1976లో గానీ రాలేదు. ఎర్రసముద్రం దాటిన మర్నాడే కనాను రాదు కదా.

మూసా బావుల దగ్గర బస్సు ఆపారు. మూసా అంటే మోషేనే. ఇశ్రాయేలీయులకు చేదు నీళ్లు దొరికిన మారా అనుకునే చోటు అది. నాలుగు ఈత చెట్లు, చాలామటుకు పూడిపోయిన బావులు, పూసలు అమ్ముకునే ఆడవాళ్లు. తర్వాత ఫారాన్ లోయ వచ్చింది. మోషే బండను కొడితే నీళ్లొచ్చిన రెఫీదీము ఇదేనంటారు. అంతసేపు రాళ్లూ ఇసుకా చూసిన కళ్లకు ఖర్జూరపు తోటల పచ్చదనం చూస్తే దాహం తీరినట్టయింది.

కొండ ఎక్కడం అర్ధరాత్రి దాటాక. ఎత్తు 2,285 మీటర్లు. ఒంటె దారిన చాలా దూరం నడిచాక చివర్లో 750 రాతి మెట్లు. చలి ఇంత ఉంటుందని విన్నాను గానీ, అరణ్యం అంటే ఎండ అనే మనసులో ఉండిపోయింది. చీకట్లో అడుగడుక్కీ "కేమల్, కేమల్" అంటూ వెంటపడతారు. ప్రార్థన చేసుకుంటూ నడుద్దామంటే సాగనివ్వరు. వెనక ఎవరో ఫోన్‌లో పాటలు పెట్టి పెద్ద సౌండుతో నడుస్తున్నారు, ముందు ఇంకెవరో దారికి అడ్డంగా నిలబడి ఫొటోలు. మా బస్సువాళ్లు కూడా తక్కువ తినలేదు. ఈ సీనాయికే హోరేబు అని ఇంకో పేరు, దేవుడు ఏలీయాతో మెల్లని స్వరంతో మాట్లాడిన కొండ ఇది, అక్కడ ఎందుకంత కేకలు?

మెట్ల దగ్గరికి వచ్చేసరికి నా పని అయిపోయింది. గుండె గొంతులో కొట్టుకుంటోంది, మోకాళ్లు మడత పడటం లేదు. మాతో వచ్చినవాళ్లు ముందుకు వెళ్లిపోయారు. "సిస్టర్, సూర్యోదయం దాటిపోతుంది, రండి రండి" అని టూర్ అబ్బాయి పైనుంచి అరిచాడు. ఒక రాయి మీద కూలబడి, ఇంక ఎక్కలేనని చెల్లితో అనేశాను. అది నా చేతులు రుద్దుతూ ఏడుపు మొదలుపెట్టింది.

పక్కనే రాళ్లతో కట్టిన చిన్న టీ కొట్టు. లోపల్నుంచి ఒక ముసలాయన లాంతరు పట్టుకుని వచ్చాడు. ఆ చుట్టుపక్కల ఉండే జెబెలియా తెగ బెదూయిన్, అంటే ఎడారి అరబ్బు. ఈ కొండ కిందున్న సెయింట్ కేథరిన్ ఆశ్రమానికి కాపలాగా జస్టీనియన్ అనే రోమా చక్రవర్తి పంపినవాళ్ల సంతతి తామని చెప్పుకుంటారు. ఆయన అరబ్బీలో ఏదో అన్నాడు. చెల్లి ఉలిక్కిపడింది. నా చెయ్యి బిగుసుకునేలా పట్టుకుంది. ఆ భాష అది వంటగదిలో నేర్చుకుంది. ఆ భాషలో దాన్ని పిలిచిన పిలుపుల్లో ఒక్కటీ మంచిది లేదు. ఊరికొచ్చాక కూడా టీవీలో అరబ్బీ వినిపిస్తే లేచి వెళ్లిపోయేది.

ఆయన మళ్లీ అడిగాడు, ఈసారి కాస్త మెల్లగా. చెల్లి చాలాసేపు నేల చూసి, తర్వాత జవాబిచ్చింది. ఏమన్నాడే అంటే, "నీ ఒళ్లు బాగాలేదా అని అడుగుతున్నాడక్కా, లోపలికొచ్చి కూర్చోమంటున్నాడు" అంది. కొట్టులోకి తీసుకెళ్లి తన దుప్పటే తీసి నా భుజాల మీద కప్పాడు. చక్కెర దండిగా వేసిన టీ ఇచ్చాడు. చెల్లికీ ఇచ్చాడు, అది నిలబడే ఉంటే కూర్చోమని తానే చాప జరిపాడు. ఆ దేశంలో ఉన్నన్నాళ్లూ అది అందరికీ టీ ఇచ్చింది గానీ, దానికెవరూ ఇచ్చింది లేదు. గ్లాసు పట్టుకుని అది తాగలేకపోయింది. ఆయన కంగారుపడి చక్కెర సరిపోలేదా అని అడిగాడట.

ఎక్కడ నేర్చుకున్నావు ఈ భాష అన్నాడు. అది చెప్పింది. ఏం చెప్పిందో ఎంత చెప్పిందో నాకు తెలియదు, నేను అడగలేదు. ఆయన గడ్డం మీద చెయ్యి వేసుకుని విన్నాడు. విని, పైకి వేలు చూపించి "నబీ మూసా" అన్నాడు, మోషే ప్రవక్త అని. ఫరో కథ ఆయనకూ తెలుసు. డబ్బులిస్తే గుండె మీద చెయ్యి పెట్టుకుని వద్దన్నాడు. దుప్పటి దిగేటప్పుడు ఇమ్మన్నాడు. ఆ 750 మెట్లు ఎక్కింది నా బలంతో కాదు.

శిఖరం మీద 1934లో కట్టిన చిన్న గుడి, దానికి కాస్త అవతల మసీదు. కాలు మోపే చోటు లేదు. గోడలెక్కి కూర్చున్నారు జనం. తూరుపు తెల్లబారుతుంటే ఈలలు, కేకలు. రెండు భుజాల సందులోంచి చూశాను నేను. కొండ వెనక కొండ, దాని వెనక ఇంకో కొండ, ముందు నల్లగా, తర్వాత నీలంగా, ఉన్నట్టుండి ఎర్రగా. ఎక్కడా ఒక చెట్టు లేదు. ఇటుకల బట్టీల దగ్గర నుంచి వచ్చిన జనానికి దేవుడు తన మాట ఇవ్వడానికి ఎంచుకున్న చోటు ఇది. ఇక్కడ ఆయన తప్ప చూసుకోవడానికి ఇంకేమీ లేదు.

మా అయ్యగారు ఒక మూలకు అందరినీ చేర్చి వాక్యం తీశారు. ఈ ప్రసంగం మనందరికీ తెలిసిందే: ఐగుప్తు లోకం, ఫరో సాతాను, పస్కా గొర్రెపిల్ల మన క్రీస్తు, సముద్రం బాప్తిస్మం, కనాను పరలోకం. సండే స్కూలు నుంచి విన్నాను, నమ్ముతాను, ఆ గొర్రెపిల్ల రక్తమే నాకూ ఆధారం. కానీ మనం ఎంతసేపూ పాపపు దాస్యం దగ్గరే ఆగి, ఆ జనం వీపుల మీది దెబ్బలను దాటేస్తాం. మండే పొదలోంచి దేవుడు చెప్పింది వాళ్ల పాపాల సంగతి కాదు. పని చేయించే అధికారుల వల్ల వాళ్లు పెట్టిన మొర విన్నానన్నాడు. ఈ కథకు ఎంత బలముందో మనకంటే యజమానులకే బాగా తెలిసింది. 1807లో లండన్‌లో వెస్టిండీస్ బానిసల కోసమని ఒక బైబిలు అచ్చు వేశారు. అందులోంచి ఐగుప్తు విడుదల కథనే తీసేశారు.

అయ్యగారు ఆ రోజు మాత్రం వేరేగా చెప్పారు. పది ఆజ్ఞలకు ముందున్న మాట చూడండి అన్నారు. దాసుల ఇంట్లోంచి నిన్ను రప్పించాను అని మొదట చెప్పాకే, ఇలా బతుకు అని దేవుడు చెబుతాడు. ఆజ్ఞలు పాటిస్తే విడిపిస్తాననలేదు. విడిపించి, తర్వాత ఆజ్ఞలిచ్చాడు. ఇంతకన్నా సువార్త ఏముంది? తర్వాత ద్వితీయోపదేశకాండం ఐదో అధ్యాయం తీసి నాలుగో ఆజ్ఞ చదివారు. ఏడో రోజు నువ్వే కాదు, నీ దాసుడూ నీ దాసీ కూడా నీలాగే విశ్రమించాలి, ఐగుప్తులో నువ్వూ దాసుడివేనని జ్ఞాపకం ఉంచుకో అని.

"అయ్యగారూ, అది ఇంకోసారి చదవండి" అంది చెల్లి. కూటంలో ఎప్పుడూ నోరెత్తని పిల్ల. ఆయన మళ్లీ చదివారు. "నీ దాసీ అని ఉందా? నిజంగా ఉందా అక్కా?" అని నా బైబిలు లాక్కుని వేలు పెట్టి వెతికింది. చిన్నప్పుడు ఇద్దరం కంఠతా పట్టి బహుమతులు తెచ్చుకున్న ఆజ్ఞలే ఇవి. "ఏడు రోజుల్లో ఒక రోజు నాదని దేవుడే చెప్పాడన్నమాట. వాళ్లు నా సెలవు తీసుకోలేదక్కా, దేవుడిచ్చింది తీసుకున్నారు." అయ్యగారు బైబిలు మూసి ఆమెన్ అన్నారు. అదే పుస్తకం పదిహేనో అధ్యాయంలో, దాసుణ్ణి విడిచిపెట్టేటప్పుడు వట్టిచేతులతో పంపొద్దు, నీ మందలోంచీ నీ కళ్లంలోంచీ ఇచ్చి పంపు అని కూడా ఉంది. నా చెల్లిని వట్టిచేతులతో పంపినవాళ్ల సంగతి నేనా కొండ మీదే ప్రభువుకు అప్పజెప్పాను. క్షమించమన్నావు, క్షమిస్తాను, కానీ దాని జీతం దానికి ఇప్పించు ప్రభువా అన్నాను. ఇప్పటికీ అదే అడుగుతున్నాను.

దిగేటప్పుడు దుప్పటి ఇచ్చేశాం. చెల్లి ఆయనతో చాలాసేపు మాట్లాడింది, ఈసారి నవ్వుతూ.

ఆశ్రమం ఉదయం కొన్ని గంటలే తెరుస్తారు. ఆ కాసిన్ని గంటల్లోనే బస్సులన్నీ వచ్చి పడతాయి. జస్టీనియన్ కట్టించిన గోడలు పద్నాలుగు వందల ఏళ్లకు పైగా నిలబడ్డాయి గానీ, ఆ ఇరుకు గుమ్మంలో తోపులాటకు మా అమ్మగారు పడిపోబోయారు. పెద్ద గుడిలో బలిపీఠం పైన రూపాంతరం పొందుతున్న యేసయ్య చిత్రం, చిన్న చిన్న రంగు రాళ్లతో కూర్చింది. ఆయన పక్కన మోషే. ఇంకాస్త పైన మళ్లీ మోషే, వంగి చెప్పులు విప్పుకుంటున్నాడు. తల ఎత్తి చూసేలోపే వెనకనుంచి నెట్టేశారు.

మోషే చూసిన మండే పొద ఇదేనని చెప్పే పొద దగ్గర కూడా అంతే. ఎత్తైన రాతిగోడ మీద నుంచి ముళ్ల కొమ్మలు పచ్చగా కిందికి వేలాడుతున్నాయి. ఒకావిడ ఎగిరి ఆకులు తుంచుకుంటోంది, కాపలా ఆయన కేకలేస్తున్నాడు. ఆకు దొరక్కపోతే పోయిందిలే, ఆ పచ్చదనం కళ్లారా చూశాను. కాలిపోకుండా మండిన ఆ పొద ఆకుల నీడలు గోడ మీద పడుతున్నాయి, నా చెల్లి ముఖం మీదా పడుతున్నాయి. ఒక్క నిమిషం. అంతే దక్కింది, అది చాలు.

గోడ రాళ్ల సందుల్లో జనం ప్రార్థన చీటీలు దూర్చి ఉన్నారు. చెల్లి కూడా పర్సులోంచి మడిచిన కాగితం తీసి, లోపలికంటా వెళ్లేలా దూర్చింది. జీతం కోసమే రాసిందనుకున్నాను. కాదు. ఆ ఇంట్లో దాంతో పాటు పనిచేసిన ఇంకో అమ్మాయి ఉంది, వేరే దేశపు పిల్ల. చెల్లి బయటపడిన రాత్రి గేటు తాళం తీసి ఉంచింది ఆ పిల్లే. ఆ అమ్మాయి పేరు రాసింది.

పేరు ఇక్కడ రాయకూడదు. ఆమె ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. ఇది చదివిన విశ్వాసులు మీ కుటుంబ ప్రార్థనలో ఆ బిడ్డను పేరు లేకుండానే తలచుకోండి. పేరు ప్రభువుకు తెలుసు.