పిసకకుండా బ్రెడ్: హైదరాబాద్ వేడికి మార్చుకున్న లెక్కలు

2006 నవంబర్‌లో న్యూయార్క్ టైమ్స్‌లో మార్క్ బిట్‌మన్ రాయడంతో ఈ బ్రెడ్ ఇళ్లలోకి వచ్చింది. పద్ధతి అక్కడి సలివన్ స్ట్రీట్ బేకరీ జిమ్ లాహీది. పిండి, నీళ్లు, ఉప్పు, చిటికెడు ఈస్ట్ కలిపి వదిలేసి, మర్నాడు బాగా వేడెక్కిన గిన్నెలో మూత పెట్టి కాల్చడమే. 12 గంటలు, వీలైతే 18 గంటలు నాననివ్వాలన్న మాట అందరికీ గుర్తుంటుంది. ఆ పక్కనే ఉన్న 70 ఫారన్‌హీట్ మాత్రం చాలామంది చదివి వదిలేస్తారు. అంటే సుమారు 21 సెల్సియస్. మన వంటింట్లో ఆ చల్లదనం డిసెంబర్, జనవరిల్లో తప్ప దొరకదు. మిగతా నెలల్లో అదే కొలతతో 18 గంటలు ఉంచితే దొరికేది పుల్లటి జావ.

ఇప్పుడు వాడుతున్న కొలత: మైదా 400 గ్రాములు, నీళ్లు 280, ఉప్పు 8, ఇన్‌స్టంట్ ఈస్ట్ కాలాన్ని బట్టి 0.3 నుంచి 0.8 గ్రాముల దాకా. అమెరికా కొలతల్లో ఇంత పిండికి నీళ్లు 300 గ్రాములు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉంటాయి. అక్కడి బ్రెడ్ పిండిలో ప్రోటీన్ 12 శాతం పైన ఉంటుంది కాబట్టి ఆ నీళ్లు తాగుతుంది. మన కిరాణా మైదా చాలావరకు 10 శాతం అటూ ఇటూ. దానికి 300 పోస్తే ముద్ద పళ్లెంలో పరుచుకుంటుంది తప్ప నిలబడదు. ప్యాకెట్ వెనక 100 గ్రాములకు ప్రోటీన్ ఎంతో చూసి, 11 దాటినది దొరికితే అదే తీసుకోవాలి. దొరక్కపోతే 390 గ్రాముల మైదాకి 10 గ్రాముల గ్లూటెన్ (గోధుమ ప్రోటీన్) పొడి కలిపితే 11.5 దగ్గరికి వస్తుంది. అప్పుడు నీళ్లు ఇంకో 10 గ్రాములు పోయొచ్చు.

కప్పులతో కొలవడం ఇందులో పనికిరాదు. మైదాని గుచ్చి నింపిన కప్పుకీ, చెంచాతో వదులుగా వేసిన కప్పుకీ 20, 30 గ్రాముల తేడా వస్తుంది. మూడు కప్పుల మీద అది ముద్ద స్వభావాన్నే మార్చేస్తుంది. వంటింటి కాటా ఒక గ్రాము లోపు చూపించదు కాబట్టి ఈస్ట్‌కి వేరే ఉపాయం: 98 గ్రాముల నీళ్లలో 2 గ్రాముల ఈస్ట్ బాగా కలిపి, అందులోంచి 15 గ్రాములు తూచి తీసుకుంటే 0.3 గ్రాముల ఈస్ట్ వచ్చినట్టు. తియ్యబోయే ముందు మళ్లీ కలపాలి, ఈస్ట్ అడుగున పేరుకుంటుంది. ఆ 15 గ్రాములూ మొత్తం నీళ్ల లెక్కలోంచి తగ్గించాలి.

జనవరి. వంటిల్లు 21, 22 డిగ్రీలు.

అసలు పద్ధతి మార్పు లేకుండా పనిచేసే కాలం ఇదొక్కటే. ఈస్ట్ 0.8 గ్రాములు, అంటే పావు టీస్పూన్. రాత్రి 8 గంటలకు గరిటె కాడతో పొడి పిండి కనపడనంత వరకు, ఒక నిమిషం కలపడమే. నునుపు రావాలని చూడక్కర్లేదు. మర్నాడు పది, పన్నెండు మధ్య ముద్ద రెట్టింపై, పైన చిన్న చిన్న బుడగలు పేలుతూ కనిపిస్తాయి. గిన్నె వంచితే అడుగున దారాలు సాగుతాయి.

పిసకకుండానే ఆ సాగుడు ఎలా వస్తుందన్నది తెలిస్తే మిగతా నెలల లెక్క తేలిక. గోధుమలోని గ్లయాడిన్, గ్లూటెనిన్ అనే ప్రోటీన్లు నీళ్లు తాగితే వాటంతట అవే ఒకదానితో ఒకటి అల్లుకుంటాయి. ఈస్ట్ వదిలే గ్యాస్ బుడగలు పెరుగుతూ ఆ అల్లికను మెల్లగా లాగి సాగదీస్తాయి. చేతులు పది నిమిషాల్లో చేసే పనిని తడి, టైమ్ కలిసి పన్నెండు గంటల్లో చేస్తాయి. వేడి పెరిగితే ఈస్ట్ వేగం పెరిగి ఆ టైమే చేజారిపోతుంది. 8, 10 డిగ్రీలు పెరిగితే పులిసే వేగం దాదాపు రెట్టింపు. అల్లిక గట్టిపడేలోపే గ్యాస్ వచ్చేస్తే దాన్ని పట్టి ఉంచేది ఉండదు.

మే. వంటిల్లు రాత్రి కూడా 33, 34.

దోసెల పిండి ఈ నెలలో ఎంత తొందరగా పొంగి పులుస్తుందో ఇదీ అంతే. మూడు మార్గాల్లో ఏదో ఒకటి పట్టుకోవాలి.

మొదటిది ఈస్ట్ 0.3కి తగ్గించడం. అప్పుడు ఆరేడు గంటలు పడుతుంది. రాత్రి కలిపి నిద్రపోతే దాటిపోతుంది కాబట్టి తెల్లవారి 5కి కలిపి మధ్యాహ్నంలోపు కాల్చాలి. ఫ్రిజ్ నీళ్లు కలిపి చల్లబరిచిన నీళ్లు పోయొచ్చు: పిండి 34 డిగ్రీల్లో ఉంటే 17 డిగ్రీల నీళ్లతో ముద్ద 24 దగ్గర మొదలవుతుంది. కానీ రెండు మూడు గంటల్లో గది వేడికి వచ్చేస్తుంది కనక దీనివల్ల కలిసొచ్చేది కొద్ది సేపే.

రెండోది మడతలు. కలిపిన అరగంటకు చెయ్యి తడి చేసుకుని, ముద్ద అంచుని పట్టి పైకి లాగి మధ్యలోకి మడవాలి. గిన్నె తిప్పుతూ నాలుగు వైపులా ఇలా చెయ్యాలి. అరగంట ఎడంతో మూడు విడతలు. పోయిన టైమ్‌ని ఇది కొంత పూడుస్తుంది. మొదటి విడతలో ముద్ద తెగిపోతూ వస్తుంది, మూడో విడతకి జానెడు సాగుతుంది. పిసకని బ్రెడ్‌కి ఇదేం పని అని పట్టుబట్టేవాళ్లు జనవరి దాకా ఆగాలి.

మూడోది ఫ్రిజ్. వేసవికి ఇదే నిలకడైన దారి. ఈస్ట్ 0.8, రాత్రి కలిపి ఒక గంట బయట, తర్వాత ఫ్రిజ్‌లో. ఇక్కడ దెబ్బతినేది ఎక్కడంటే, లోతైన స్టీలు గిన్నెలో నిండుగా ఉన్న ముద్ద మధ్యభాగం చల్లబడటానికి గంటలు పడుతుంది, అప్పటిదాకా లోపల పులుస్తూనే ఉంటుంది. వెడల్పాటి డబ్బాలో పల్చగా సర్ది, కింది అరలో వెనక్కి పెట్టాలి. మర్నాటి నుంచి మూడో రోజు దాకా ఎప్పుడైనా కాల్చుకోవచ్చు. రెండో రోజుది రుచిలో పైచేయి.

మితిమీరి పులిసిందని తెలిసేది వాసనతో: ఘాటుగా ముక్కుకి కొడుతుంది, పైభాగం మధ్యలో కుంగి ఉంటుంది, ఎత్తితే తడి గుడ్డలా చిరుగుతుంది. చక్కెరలన్నీ ఈస్ట్ తినేసింది కాబట్టి కాల్చినా రంగు రాదు. దాన్ని గుండ్రంగా చేయాలని చూడటం దండగ. నూనె రాసిన ట్రేలో పరిచి, వేళ్లతో గుంటలు పెట్టి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి చల్లి 220లో 20 నిమిషాలు కాలిస్తే ఇటలీవాళ్ల పల్చటి బ్రెడ్ ఫొకాచా లాంటిదవుతుంది.

జులై. 28 డిగ్రీలు, గాలిలో తేమ.

ఈస్ట్ 0.4, తొమ్మిది పది గంటలు. డబ్బాలో మైదా తేమ పీల్చుకుని ఉంటుంది, నీళ్లు 270తో మొదలుపెట్టి చాలకపోతే చెంచాడు చేర్చడం మేలు. గోధుమ పిండి కలిపితే లెక్క మళ్లీ మారుతుంది. 400లో 100 గ్రాములు మరపట్టించిన పిండి వేస్తే నీళ్లు 20, 25 గ్రాములు ఎక్కువ కావాలి. మర రాళ్ల మధ్య నలిగిన పిండిపదార్థం నీటిని బాగా లాక్కుంటుంది, పులియడం కూడా తొందరగా అవుతుంది. పూర్తిగా గోధుమ పిండితో ఈ పద్ధతిలో వచ్చేది ఇటుకే. పావు వంతు దగ్గర ఆగడం మంచిది.

ఆకారం, కాల్చడం ఏ నెలలోనైనా ఒకటే. ముద్దని పిండి చల్లిన బండ మీదకి జార్చి, నాలుగు అంచులూ మధ్యలోకి మడిచి, మడత కిందికి వచ్చేలా తిప్పాలి. నూలు గుడ్డ మీద బియ్యప్పిండి దట్టంగా రాసి దాని మీద పెడితే అంటుకోదు. మైదా రాస్తే తడికి బంకై గుడ్డ, ముద్ద ఒకటైపోతాయి. చలికాలంలో గంటన్నర, వేసవిలో 40 నిమిషాలు. పిండి అద్దిన వేలితో నొక్కితే గుంట మెల్లగా సగం వరకు పూడాలి. టక్కున పూడితే ఇంకా ఆగాలి, అసలు పూడకపోతే వెంటనే కాల్చాలి.

గిన్నె 20, 22 సెంటీమీటర్ల వెడల్పు, మందం, మూత పిడితో సహా అంతా లోహం. పోత ఇనుము ఉత్తమం. కుక్కర్ గిన్నె పెట్టాలనుకుంటారు గానీ దాని నల్ల పిడి 230 డిగ్రీలకు తట్టుకోదు. ఓటీజీలో (ఇళ్లలో వాడే చిన్న కరెంటు ఓవెన్) ఖాళీ గిన్నె, మూత పెట్టి 230లో 40 నిమిషాలు వేడి చేయాలి. ఓటీజీ లైటు ఆరిపోయిందంటే గాలి వేడెక్కిందని మాత్రమే, గిన్నె కాదు. అడుగున చిటికెడు బొంబాయి రవ్వ చల్లి చూస్తే నిమిషంలో ఎర్రబడాలి. చల్లగా ఉన్న గిన్నెలో వేస్తే అడుగు అతుక్కుపోతుంది. మామూలు బటర్ పేపర్ కూడా ఈ వేడికి మాడి బ్రెడ్‌కి అంటుకుంటుంది. సిలికాన్ పూతున్న బేకింగ్ పేపర్ లేకపోతే రవ్వే నయం.

ముద్దని తిరగేసి గిన్నెలో వేస్తే మడత పైకి వస్తుంది, అక్కడే పగులుతుంది, గాటు పెట్టక్కర్లేదు. మూతతో 27 నిమిషాలు. ముద్దలోంచి వచ్చే ఆవిరి లోపలే ఉండటం వల్ల పైపొర మెత్తగా ఉండి ఎదగనిస్తుంది. మూత తీసి 12 నుంచి 15 నిమిషాలు. చిన్న ఓటీజీల్లో పై రాడ్ దగ్గరగా ఉంటుంది, ఈ చివరి నిమిషాల్లో కింది రాడ్ ఒక్కటే ఉంచాలి. ఉడికిందీ లేనిదీ తట్టి చూసి చెప్పడం కంటే తూకం నమ్మకం: 690 గ్రాముల ముద్ద 600కి దిగాలి. 620 ఉంటే లోపల ఇంకా తడి ఉన్నట్టు. థర్మామీటర్ ఉంటే మధ్యలో 96.

గంటన్నర ఆగకుండా కోస్తే కత్తికి బంక అంటుకుంటుంది, ఉడకలేదని పొరపాటు పడతారు. వానాకాలంలో బయట మూడో రోజుకే బూజు పడుతుంది. ఫ్రిజ్‌లో పెడితే బూజు ఆగుతుంది కానీ ముక్క తొందరగా బిరుసెక్కుతుంది. ముక్కలు కోసి, మధ్యలో కాగితం పెట్టి ఫ్రీజర్‌లో ఉంచి, కావలసినన్ని తీసి నేరుగా పెనం మీద సన్నసెగన, పక్కకి రెండు నిమిషాలు.