రెండో భాగానికి వచ్చిన బళ్లు

మా అక్క కొడుకు బరంపురంలో డిగ్రీ చదువుతున్నాడు. మొన్న సెలవులకి పర్లాకిమిడి వచ్చాడు. చెప్పులు విప్పుతూనే అడిగాడు: "మావయ్యా, కల్కి సినిమా రెండో భాగం వసూళ్లలో మొదటిదాన్ని దాటుతుందా, దాటదా? ఒక్క మాట చెప్పు. హాస్టల్లో పందెం కట్టాను." ఒక్క మాటలో తేలేది కాదు. ఆ రాత్రి అటక మీంచి ట్రంకుపెట్టె దించి నాన్న నోటు పుస్తకాలు తీశాను. ఇక్కడ రాస్తున్నదాంట్లో సగం వాటిలోంచి వచ్చిందే.

మా ఇల్లు ఒడిశాలో, మా సైకిల్ స్టాండు ఆంధ్రాలో. మధ్యలో మహేంద్రతనయ ఏరు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా వీధి ఇటు పడింది, మా చుట్టాల్లో సగం మంది అటు పడ్డారు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. కొత్త తెలుగు సినిమా వస్తే ఏరు దాటడం మా చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ అవతలున్న ఒక హాల్లో సైకిల్ స్టాండు మా నాన్న 22 ఏళ్లు వేలంలో పాడుకున్నాడు. ఇప్పుడు నేనూ తమ్ముడూ చూసుకుంటున్నాం. పగలు నాకు జిరాక్స్ షాపు, సాయంత్రం నుంచి స్టాండు.

స్టాండు వాడికి సినిమా లెక్క వేరు. టికెట్ 50 రూపాయలైనా 500 అయినా మాకొచ్చే టోకెన్ డబ్బులు మారవు. ఎన్ని బళ్లు వచ్చాయన్నదే లెక్క. అందుకని పేపర్లో వచ్చే కోట్ల కంటే నాన్న పుస్తకాన్నే నేను ఎక్కువ నమ్ముతాను. తేదీ, ఆట, ఎన్ని టోకెన్లు తెగాయి, పక్కన రెండు చిన్న గళ్లు: 'ఆం', 'ఒ'. బండి నంబరు ఏపీదైతే మొదటి గడిలో, ఓడీదైతే రెండో గడిలో గీత. ఎందుకు రాసేవాడంటే, సెకండ్ షో అయ్యాక ఏరు దాటి పోవాల్సినవాళ్ల బళ్లు ముందు వరసలో పెట్టేవాడు. "పాపం, దూరం ఎల్లాలిరా ఆళ్లు. ముందు ఆళ్ల బళ్లు తియ్యాల" అనేవాడు. ఎన్ని బళ్లకి ముందు వరసలో చోటు ఉంచాలో తెలియడానికి ఆ గీతలు.

2015 జూలై 10, బాహుబలి మొదటి భాగం. ఆ వారమంతా స్టాండు నిండింది. కానీ 'ఒ' గడి చూస్తే మామూలు పెద్ద సినిమాకి ఉన్నట్టే ఉంది. వచ్చింది మా వీధి వాళ్లు, మా పక్క వీధి వాళ్లు, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు. మిగతావన్నీ ఏపీ 30, శ్రీకాకుళం బళ్లు.

2017 ఏప్రిల్ 28 పేజీకి వచ్చేసరికి నాన్న గీతలు గడి దాటిపోయి మార్జిన్‌లోకి వెళ్లాయి. ఓడీ 20 మా గజపతి జిల్లా, అది సరే. గుణుపురం వైపు నుంచి ఓడీ 18 బళ్లు వచ్చాయి. గంజాం ఓడీ 07 కూడా ఉన్నాయి. ముందు వరస చాలక హాలు వెనక గోడ దగ్గర తాడు కట్టాం. వచ్చినవాళ్లలో చాలామందికి తెలుగు అంతంతమాత్రమే. రెండేళ్లలో మొదటి భాగాన్ని హిందీలో టీవీలోనో ఫోన్లోనో చూసేశారు. "కటప్పా బాహుబళీకు కాహింకి మారిలా" (కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు) అని మా బజార్లో కూరగాయల అమ్మి దగ్గర కూడా విన్నాను. కథ తెలుసు, ప్రశ్న తెలుసు, భాష కొంచెం తెలుసు. వాళ్లకి అది చాలింది.

అప్పుడే నాకు ఒక విషయం అర్థమైంది, ఇప్పటికీ అదే నమ్ముతున్నాను. మొదటి భాగాన్ని హాల్లో చూసినవాళ్లు రెండోసారీ వస్తారు, కానీ ఒక మనిషి ఇద్దరు కాడు కదా. రెండో భాగం మొదటిదాన్ని దాటాలంటే, మొదటిదాన్ని హాల్లో చూడనివాళ్లు రావాలి. మధ్యలో ఉన్న ఆ ఏడాదీ రెండేళ్లలో మొదటి భాగం ఏ కొత్త ఇళ్లలోకి వెళ్లింది? అసలు ప్రశ్న అదే.

పెద్ద లెక్కలు చూసినా ఇదే కనిపిస్తుంది. బాహుబలి మొదటిది ప్రపంచం మొత్తం మీద 600 కోట్లు దాటింది, రెండోది 1,700 కోట్ల పైకి పోయింది. మన తెలుగు రాష్ట్రాల్లోనూ పెరిగింది, కానీ హిందీలో పెరిగిన తీరు వేరు. అక్కడ మొదటి భాగానికి నికరంగా సుమారు 118 కోట్లు వస్తే రెండోదానికి 510 కోట్లు వచ్చాయి. కేజీఎఫ్ ఇంకా ఆశ్చర్యం: 2018లో హిందీలో 44 కోట్ల దగ్గర ఆగింది, 2022లో రెండో భాగం 430 కోట్లు దాటింది. పుష్ప మొదటి భాగం హిందీలో 100 కోట్లు దాటడమే అప్పట్లో వార్త. 2024 డిసెంబర్‌లో వచ్చిన రెండో భాగం అదే హిందీలో 800 కోట్లు దాటింది. మూడింటిలోనూ ఒక్కసారిగా పెరిగింది పొరుగువాళ్ల లెక్కే.

పుష్ప గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఆ రెండుసార్లూ స్టాండులో కూర్చున్నది నేనే. 2021 డిసెంబర్‌లో మొదటిది వచ్చినప్పుడు ఆంధ్రాలో టికెట్ రేట్లు ప్రభుత్వ జీవో ప్రకారం బాగా తక్కువగా ఉన్నాయి. పల్లెటూరి హాళ్లలో ఐదు రూపాయల తరగతి కూడా ఉండేది. మూడు వారాలకే సినిమా ఓటీటీలోకి వచ్చేసింది. అప్పటికే అల్లు అర్జున్ 'సరైనోడు' హిందీ డబ్బింగ్‌ని యూట్యూబ్‌లో కోట్లమంది చూసి ఉన్నారు. మా షాపుకి జిరాక్స్ కోసం వచ్చే ఒడియా పిల్లలు గడ్డం కింద చెయ్యి తిప్పి "ఝుకేగా నహీ" అనేవాళ్లు. వాళ్లెవరూ హాలుకి వెళ్లి చూసినవాళ్లు కారు. అప్పుడే తమ్ముడితో అన్నాను, రెండోదానికి ముందు వరస పెద్దది చెయ్యాలని. చేశాం. మూడేళ్ల తర్వాత ఆ పిల్లలే పెద్దవాళ్లై సొంత బళ్ల మీద వచ్చారు.

కానీ ఇక్కడ ఒకటి చెప్పకపోతే తప్పవుతుంది. ఆటకి ఎన్ని టోకెన్లు తెగాయో చూస్తే, బాహుబలి 2 పేజీని పుష్ప 2 దాటలేదు. ఆటలు ఎక్కువ, టికెట్ ఎక్కువ, జనం తక్కువ. డిసెంబర్ 4 రాత్రి ప్రీమియర్‌కి ప్రభుత్వాలు అనుమతిచ్చిన రేట్లు ఒక కుటుంబం మొయ్యగలిగేవి కావు. ఆ రాత్రి కుర్రాళ్లే తప్ప ఆడవాళ్లు, పిల్లలు స్టాండులో కనపడలేదు. రేట్లు దిగాకే వాళ్లు వచ్చారు. ట్రేడ్ అంచనాల ప్రకారం బాహుబలి 2కి దేశంలో పది కోట్లకు పైగా టికెట్లు తెగాయి. పుష్ప 2 అంతకంటే చాలా తక్కువ టికెట్లతోనే కోట్లలో దాని పక్కకు చేరింది. రెండిటినీ కోట్లలో పోల్చి ఇది గొప్ప, అది గొప్ప అని కొట్టుకునే కుర్రాళ్లకి నేను చెప్పేది ఒకటే: రూపాయి మారిపోయింది, మనిషి మారలేదు. మనుషుల్ని లెక్కపెట్టండి.

రెండో భాగం అనగానే భయపడ్డ రోజులూ మా ఇంట్లో ఉన్నాయి. ఒక పెద్ద హిట్‌కి రెండో భాగం వస్తోందని ఒక ఏడాది స్టాండు పాట బాగా పెంచేశారు. ఆ సినిమా పేరు రాయను. నాన్న ఇంకా ఆరు నెలలు ఆగితే మంచి రేటుకి వచ్చే చిట్టీని తొందరపడి తక్కువకే పాడి ఎత్తాడు, డబ్బు కట్టాడు. మొదటి రోజు నిండింది. రెండో రోజు మ్యాట్నీకే మేకుకి టోకెన్లు మిగిలాయి. మూడో రోజు సెకండ్ షోకి నాన్న, నేను, పల్లీల బండి ఆయన ముగ్గురం కూర్చుని పదకొండు బళ్లు కాశాం. ఆ పేజీలో 'ఒ' గడి ఖాళీ. ఒక్క గీత లేదు. మొదటి భాగం మన దగ్గర బాగా ఆడింది, కానీ ఏరు దాటి ఏ కొత్త ఇంట్లోకీ వెళ్లలేదు. చూసినవాళ్లనే మళ్లీ పిలిచి అదే కూర వడ్డించారు. నాన్న ఎవర్నీ తిట్టలేదు. ఆ ఏడాది మా చెల్లి ఫీజు మాత్రం రెండు విడతలుగా కట్టాం.

డిస్ట్రిబ్యూటర్ల కష్టమూ ఇదేనని తర్వాత తెలిసింది. మొదటి భాగం హిట్టయితే ఆ హిట్టు ఖరీదంతా రెండోదాని రేటులో కలిపి అమ్ముతారు. అప్పుడు మొదటిదాని కంటే పది కోట్లు ఎక్కువ వసూలు చేసినా కొన్నవాడికి షేర్, అంటే చేతికొచ్చే వాటా, గిట్టుబాటు కాక నష్టమే మిగలొచ్చు. వసూలు దాటిందా అన్న ప్రశ్న చూసేవాడిది. కొన్నవాడి ప్రశ్న, పాడుకున్నవాడి ప్రశ్న వేరు.

కథ మధ్యలో ఆపితే చాలు, జనం వాళ్లే వస్తారు అనేవాళ్లకి పొన్నియిన్ సెల్వన్ గుర్తు చేస్తాను. 2022 సెప్టెంబర్ 30న మొదటిది, ఏడు నెలలకే, 2023 ఏప్రిల్ 28న రెండోది. కథ సగంలోనే ఆగింది, తీసినవాళ్లు మారలేదు, సినిమా చెడ్డది కాదు. అయినా వసూళ్లు తగ్గాయి. తమిళులకి అది గుండెల్లో ఉన్న కథ, మొదటిసారే అందరూ వెళ్లి చూసేశారు. బయటివాళ్ల ఇళ్లలోకి అది వెళ్లడానికి ఏడు నెలలు చాలలేదని నా అభిప్రాయం. భారతీయుడు రెండోదీ ఆడలేదు, కారణం మాత్రం దానికి తలకిందులు. 1996కీ 2024కీ మధ్య 28 ఏళ్లు. మొదటిదానికి ఈలలు వేసినవాళ్లు ఇప్పుడు మనవల్ని ఎత్తుకుంటున్నారు, ఆ మనవలకి సేనాపతి ఎవరో తెలియదు.

అవతార్ అయితే రెండు రకాలుగా చెప్పుకోవచ్చు. ప్రపంచం మొత్తం మీద 2009 నాటి మొదటిదే పైన ఉంది, 2022లో వచ్చిన రెండోది దాన్ని దాటలేదు. మన దేశం వరకే చూస్తే మాత్రం రెండోదే చాలా ఎక్కువ తెచ్చింది. అమెరికాలో మొదటిసారే వెళ్లాల్సినవాళ్లంతా వెళ్లారు. మన దగ్గర అప్పటికి త్రీడీ తెరలే తక్కువ. పదమూడేళ్లలో ఎన్ని ఊళ్లు ఆ బొమ్మని టీవీలో చూసి, పెద్ద తెర మీద చూడాలని ఎదురుచూశాయో!

నా లెక్కకి లొంగనిది ఒకటుంది, కార్తికేయ 2. హిందీ వాళ్లకి మొదటి కార్తికేయ గురించి పెద్దగా తెలియదు. 2022 ఆగస్టులో అక్కడ కొద్ది షోలతో మొదలై, కృష్ణుడి కథ కోసం నోటి మాట మీదే పెరిగింది. అంటే కొత్తవాళ్లు రావడానికి మొదటి భాగమే దారి వెయ్యాలని లేదు. కానీ వచ్చింది మాత్రం కొత్తవాళ్లే.

ఇక మేనల్లుడి పందెం. 2024 జూన్ 27న వచ్చిన కల్కి మొదటి భాగమే వెయ్యి కోట్లు దాటింది. అందులో హిందీ ఒక్కటే నికరంగా 290 కోట్ల దరిదాపు. బాహుబలికీ కేజీఎఫ్‌కీ పుష్పకీ ఉన్న ఖాళీ జాగా దీనికి లేదు. పొరుగువాళ్లు ఇప్పటికే వచ్చి చూసి వెళ్లారు. నా పుస్తకంలో ఆ వారం 'ఒ' గడి నిండే ఉంది. టికెట్ రేటు పెంచి కోట్లలో దాటించవచ్చు, అది జరగొచ్చు కూడా. మనుషుల లెక్కలో దాటాలంటే మాత్రం, మొదటిది అర్థం కాలేదని మధ్యలో ఫోన్ కట్టేసినవాళ్లని కూడా కూర్చోబెట్టాలి. ఆ సినిమా మొదటి సగం మా అమ్మకి మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. అర్జునుడు, కర్ణుడు, అశ్వత్థామ వచ్చాకే ఆమె సర్దుకుని కూర్చుంది. మహాభారతం తెలియని ఇల్లు మన దేశంలో లేదు. దాటే దారి ఏదైనా ఉంటే అటువైపే ఉంది.

ఇదంతా చెప్తే వాడు విసుక్కున్నాడు. "మావయ్యా, ఔననా కాదనా?"

"మీ హాస్టల్లో మొదటి భాగాన్ని హాల్లో చూడనివాళ్లు ఎంతమంది?" అని అడిగాను.

వాడు వేళ్లు మడిచాడు. కలహండి కుర్రాడు ఒకడు, ఫుల్బణి వాళ్లు ఇద్దరు, కొరాపుట్ నుంచి ఒకడు. నలుగురూ ఫోన్లో చూశారట. ముగ్గురు పూర్తిగా చూశారు, ఒకడు సగంలో నిద్రపోయాడు.

"ఆ ముగ్గుర్నీ రిలీజు రోజు ఇటు తీసుకురా, ముందు వరసలో బళ్లకి చోటు ఉంచుతాను" అన్నాను. "నిద్రపోయినవాడు కూడా వస్తానంటే అప్పుడు నాకు ఫోన్ చెయ్యి. నీ పందెంలో నా వందా కలుపుకో."