చచ్చినాక తెల్లబడతామా

"అమ్మా, హాలోవీన్‌కి వేరేవాళ్ళ స్కిన్ కలర్ మొహానికి పూసుకోకూడదని మా స్కూల్లో రూలు. మరి దసరా ప్రోగ్రామ్‌కి నువ్వు నాకెందుకు పూశావు?"

కారు వెనక సీట్లోంచి మా పెద్దది అడిగింది. పన్నెండేళ్ళు దానికి. ఒళ్ళో సత్యభామ జడ, అద్దెకి తెచ్చిన వడ్డాణం, మొహాన నేను గంటన్నర కూర్చొని వేసిన మేకప్పు. స్టేజి లైట్లకి అట్టానే వెయ్యాలమ్మా, లేకపోతే మొహం కనపడదు అని చెప్పి ఏసీ పెంచాను. అబద్ధమని నాకూ తెలుసు. లైట్లకి దట్టంగా వెయ్యాలి నిజమే, కళ్ళు పెద్దవి చేసి దిద్దాలి, బుగ్గలకి షేడు ఇవ్వాలి, కానీ రెండు షేడ్లు తెల్లగా వెయ్యమని ఏ లైటూ అడగలేదు. ఆ ఫౌండేషన్ కొన్నది నేనే, షాపులో చెయ్యి వెనక రాసి చూసి, ఆ లైట్లో బానే ఉందనిపించి తెచ్చేశా. దవడ మీద రాసి బయట వెలుతురులో చూడాలంట, మెడలో కలిసిపోతే అదీ మన షేడు. ఇది కూడా తర్వాత పిల్లే చెప్పింది నాకు. దసరా ఫోటోల్లో మాత్రం దాని మొహాన బూడిద చల్లినట్టు, మెడ దగ్గర గీత గీసినట్టు అట్టానే ఉండిపోయింది.

మాది కందుకూరు. (2022లో మా ఊరిని ప్రకాశం నుంచి తీసి నెల్లూరు జిల్లాలో కలిపారు, ఇంట్లోంచి అడుగు బయట పెట్టకుండానే మా అమ్మ జిల్లా మారిపోయింది. నేను సముద్రాలు దాటి డల్లాస్ వచ్చి కూడా ఆ ఇంటి అద్దం ముందే నిలబడి ఉన్నానేమో అనిపిస్తది.) చిన్నప్పుడు బడికి బయల్దేరేముందు అమ్మ కొంగుతో నా మొహం తుడిచి పౌడరు అద్దేది, వీధి మలుపు తిరిగేలోపు చెమటకి చారలు కట్టేది. మీ అక్క రంగు రాలేదే నీకు అని చుట్టాలు అంటుంటే నవ్వేదాన్ని. నా పిల్లకి మాత్రం ఇట్టాంటివి తెలియకూడదు అనుకున్నా. అనుకోవటం వరకే.

ఈసారి నాయన తద్దినానికని అక్టోబర్ చివర్లో రెండు వారాలు ఊరికి పోయాం. పిల్ల సూట్‌కేసులో బట్టలు సగం, మేకప్ కిట్టు సగం. హాలోవీన్ మిస్సయిపోతుంది కాబట్టి కందుకూరులోనే జాంబీ వేషం వేస్తదంట. నేను వద్దంటే వద్దన్నా. తద్దినం పెట్టిన ఇంట్లో శవం వేషం ఏంది, మన కల్చర్‌లో ఇట్టా దయ్యాల మొహాలు వేసుకోరు అని పెద్ద లెక్చరు ఇచ్చా. ఇచ్చినాక గుర్తొచ్చింది, దసరాకి ఒంగోలులో కళారాలు (అమ్మవార్ల పెద్ద పెద్ద మొహాల ఊరేగింపు) చూడటానికి నాయన భుజాలెక్కించుకొని తీసకపోతే కాళి మొహం చూసి ఆయన జుట్టు పీకేసినంత పని చేసింది నేనే. మా వీధిలోకి పగటివేషగాళ్ళు వచ్చేవాళ్ళు, అర్ధనారీశ్వరుడి వేషం కట్టినాయన మధ్యకి గుడ్డ అడ్డం పట్టుకొని ఇటు తిరిగితే శివుడు, అటు తిరిగితే పార్వతి, ఒకే మొహం మీద రెండు రంగులు. ఇవన్నీ పిల్లకి చెప్పి, చూడు అప్పట్లో అన్నీ నేచురల్ రంగులే, ముద్దశంఖం, అరదళం, ఇంగిలీకం, నీ కెమికల్స్ కాదు అన్నా. అది ఫోన్లో వెతికి, అమ్మా అరదళం అంటే ఆర్సెనిక్, ఇంగిలీకం అంటే మెర్క్యురీ అంట అంది. గమ్మునయిపోయా.

సరే అన్నా కానీ తెల్ల కాంటాక్ట్ లెన్సులు అడిగితే మాత్రం కుదరదన్నా. అమెరికాలో ఉత్త అలంకారం లెన్సులకి కూడా డాక్టరు చీటీ ఉండాలి, కళ్ళతో ఆటలొద్దు. ఆ ఒక్క విషయంలోనే నేను మాట మీద నిలబడింది.

ఒంటికి పడతాయో లేదో చూడాలని పిల్ల ముందురోజే మా తమ్ముడి పిలకాయలకీ పక్కింటి పిలకాయలకీ మోచేతి లోపలివైపు కొంచెం కొంచెం రంగు, లేటెక్స్ (గాయాలు చెయ్యటానికి వాడే రబ్బరు పాలు) రాసి ఇరవైనాలుగ్గంటలు ఆగమంది. బెలూన్ ఊదితే దురదొచ్చేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అని అడిగితే ఒకడు చెయ్యెత్తాడు, వాడికి లేటెక్స్ లేదు, ఉత్త రంగులే. వాడు బో ఏడ్చాడు. తర్వాత పని చూడాలి మీరు. టిష్యూ పేపరు పొరలు విడదీసి, అంచులు చేత్తో చించి (కత్తెరతో కోస్తే అంచు తెలిసిపోతదంట), దవడ మీద లేటెక్స్ పూసి దానిమీద టిష్యూ, మళ్ళీ లేటెక్స్, మూడు పొరలు, ఒక్కో పొర ఆరిందాకా ఆగటం. అమోనియా వాసన ఇల్లంతా. ఆరినాక మధ్యలో గిల్లి చించి, లోపల ముదురు ఎరుపు, గుంటలో నలుపు, చుట్టూ కమిలినట్టు ఊదా, ఆ పక్కన పసుపుపచ్చ. రక్తానికి కార్న్ సిరప్ దొరక్క బెల్లం పాకంలో ఫుడ్ కలరూ చిటికెడు కోకో పొడీ కలిపింది. అచ్చం రక్తమే. అరగంటకి చీమలు పట్టినాయి అనుకోండి, అది వేరే సంగతి.

నేను చూస్తూ ఊరుకోవచ్చుగా, నాకూ వచ్చు అని నా నుదుటి మీద గాయం వేసుకున్నా. వెంట్రుకలున్న చోట ముందు వాజిలిన్ రాయాలి. రాయలేదు. పీకితే ఎడమ కనుబొమ్మ సగం దాంతో వచ్చేసింది.

అసలు మాట చెప్పలేదు కదా. పిల్ల జాంబీ బేసు వేసుకునేటప్పుడు తెల్ల రంగు డబ్బా పక్కనే ఉన్నా ముట్టుకోలేదు. ఆలివ్ గ్రీను, కొంచెం ఊదా, తడి స్పాంజితో పల్చగా అద్దుతూ పోయింది, కింద దాని చామనఛాయ కనపడుతూనే ఉంది. శవం అంటే తెల్లగా పాలిపోవాలి కదే, ముందు తెల్లది వెయ్యి అన్నా. అది అద్దంలోంచి నన్ను చూసి, "చచ్చినాక తెల్లబడతామా అమ్మా?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. నాయన్ని పడుకోబెట్టిన రోజు ఆయన మొహం గుర్తొచ్చింది. ఆయన రంగులోనే ఉన్నాడు.

మా అమ్మ తిడతదేమో అని భయపడ్డా. ఆమె చూసి, "ఏందే ఇది, అచ్చం దిష్టిబొమ్మలాగుంది, కాసేపు వాకిట్లో నిలబెట్టండి, ఇంటికి మంచిది" అంది. అని ఊరుకుందా, "రంగు కడిగినాక పిల్లకి కాస్త పౌడరు అద్దవే, ఎండకి నల్లబడింది" అంది. అమ్మా, పిల్ల ముందు ఇట్టాంటి మాటలు మాట్లాడొద్దు అని గట్టిగా అరిచా. ఎవరు అరవాలి ఎవరి మీద. నెల కూడా కాలేదు, రెండు షేడ్లు నేను పూసి. అమ్మ నా సగం కనుబొమ్మ వైపు చూసి లోపలికి పోయింది.

సాయంత్రం అందరూ వీధిలోకి దిగేసరికి వాన. అక్టోబర్ చివర అంటే మా వైపు వాన రాకపోతే ఆశ్చర్యపోవాలి గానీ మాకెవరికీ తోచలేదు. నీళ్ళతో కలుపుకునే రంగులు, పైన పౌడరు వేసి స్ప్రే కొట్టినా ఆ వానకి ఏం ఆగుతాయి, ఆరుగురి మెడలమీదా పచ్చటి చారలు. లేటెక్స్ గాయాలు మాత్రం అట్టానే ఉన్నాయి. అమ్మ వేడి చేసిన కొబ్బరినూనె గిన్నె తెచ్చి వసారాలో కూర్చోబెట్టి ఒక్కొక్కడికీ అంచుల కింద నూనె పట్టించి, నిదానంగా ఒలిచింది. ఒక్క వెంట్రుక రాలేదు ఎవరికీ. నాకెందుకు చెప్పలేదే అంటే అడిగావా అంది.

ఇదంతా రాయటం మొదలుపెట్టింది పిల్లలకి మేకప్పు ఎట్టా నేర్పాలో నలుగురికీ చెబుదామని. రంగు మార్చటానికి కాదు, వేషానికే వాడమనండి, మన రంగు గురించి ఇంట్లో మంచిగా మాట్లాడండి, ఇట్టా రాద్దామనుకున్నా. మొన్న మా చిన్నది, ఎనిమిదేళ్ళది, అద్దం ముందు అక్క చెయ్యి పక్కన చెయ్యి పెట్టుకొని "నేను నీకంటే కొంచెం తెల్ల కదా" అంది. నేనెప్పుడూ దానితో ఆ మాట అనలేదు. అనకుండా ఏం నేర్పానో మరి.

సంక్రాంతి ప్రోగ్రామ్‌కి పెద్దదాన్ని షాపుకి తీసకపోయి, దవడ మీద రాయించి, పార్కింగ్‌లో ఎండలో నిలబెట్టి చూసి మరీ కొన్నా. సరిగ్గా కలిసింది. పాత సీసా ఇంకా డ్రాయర్లోనే ఉంది. 28 డాలర్లది, సగం కూడా అవలేదు, ఎట్టా పారేస్తాం అని మా ఆయనకి చెప్పా. నిన్న గ్రోసరీకి పోయేముందు అందులోంచి కొంచెం నేనే పూసుకున్నా. కనుబొమ్మ ఇంకా పూర్తిగా రాలేదు, జనం మొహం వైపే చూస్తున్నారు.